ద్రాక్షతీగల ఊరి మాట

పాయసంలో వేసుకునే కిస్మిస్‌కు ఆ పేరు పారశీకం నుంచి వచ్చిందే. ఆ భాష పుట్టిన ఇరాన్‌లో, కజ్వీన్ నగరానికి నైరుతి దిక్కున తాకెస్తాన్ అని ఓ ఊరుంది. 'తాక్' అంటే ద్రాక్షతీగ. పేరులోనే తోట ఉందన్నమాట! చుట్టూ ద్రాక్షతోటలే. పండిన గుత్తులను ఎండబెట్టి కిస్మిస్ చేయడం అక్కడివారికి తరతరాల విద్య.

ఆ ఊరి అసలు మాట తాతీ. పారశీకానికి చుట్టమే కానీ దాని యాస కాదు, వేరే భాష. పారశీకంలో 'అతను' అన్నా 'ఆమె' అన్నా ఒకటే మాట. తాతీ మాత్రం స్త్రీ, పుంలింగాల తేడాను ఇప్పటికీ పోగొట్టుకోలేదు. ఆ చుట్టుపక్కల ఊళ్ల మాటలను సేకరించి ఇరాన్ పండితుడు ఎహ్సాన్ యార్షాటర్ 1969లో వ్యాకరణం వెలువరించారు.

బడిలో చదువు పారశీకంలోనే. పిల్లలు వెనకబడిపోతారేమోనని ఇంట్లోనూ అదే మాట్లాడే అమ్మానాన్నలున్నారు. నానమ్మ తాతీలో పిలిస్తే మనవడు పారశీకంలో పలుకుతాడు. ఇంగ్లిషు మీడియం పిల్లలున్న తెలుగిళ్లకు ఈ బెంగ కొత్తేమీ కాదు.

ద్రాక్ష ఎండితే కిస్మిస్‌గా నిలుస్తుంది. మాట ఎండితే... మిగిలేది వ్యాకరణ పుస్తకమే!