గద్వాల మగ్గము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలలో నొక నేతగాని యింట చీర నేయుట చూచితిని. నడుమ నూలు, అంచున పట్టు. ఆ రెంటికిని నేతలోనే యతుకు పడును. ఇల్లాలు కండెలు చుట్టుచుండెను; ఆమె కూలి యెవరి లెక్కకును రాదు.

ఈ సీమకు వలస క్రొత్త కాదు. వనపర్తి, నాగరుకర్నూలు పల్లెలవారెందరో మేస్త్రీల వెంట మట్టిపనికి పోయిరి. 19వ శతాబ్ది నుండి నైజాము రాజ్యము దాటి షోలాపురము చేరిన తెలంగాణపు పద్మశాలీలలో మరాఠీల నడుమ సొంత మగ్గములు నిలిపినవారును గలరు. భాష రాకున్నను చేతివిద్య యన్నము పెట్టెను.

కాని మగ్గము తనదైన మాత్రమున నేమి? నూలిచ్చువాడును, చీర కొనువాడును నొక్క సావుకారే యైనచో నదియు కూలియే. పరసీమలో బ్రతుకదలచిన యిల్లాలు లెక్కలు నేర్చి, తన కండెల కూలిని గూడ చీర ధరలో గట్టవలెను.