గురిపలకకు నాలుగు కాళ్ళు

ద్రోణాచార్యుడు తన శిష్యులను పరీక్షించిన కథ విద్యార్థులందరికీ విదితమే. చెట్టు చివర పక్షి, పక్షిని తప్ప మరి దేనినీ చూడని అర్జునుడు, ఇంతవరకు ప్రతివారూ చెప్తారు. అయితే అది ప్రాణమున్న పక్షి కాదు. శిల్పుల చేత చేయించి చెట్టు చివర పెట్టించిన కృత్రిమ పక్షి అని సంస్కృత మూలంలోని ఆదిపర్వం స్పష్టంగా చెప్తున్నది. కొట్టినవాని కీర్తి నేటికీ నిలిచి ఉన్నది. బొమ్మను చెక్కినవాడెవడో, గాలికి ఊగిపోకుండా దానిని కొమ్మకు బిగించినవాడెవడో మనకు తెలియదు. ద్రుపదుని కొలువులోని మత్స్యయంత్రం సంగతీ ఇంతే. ఏటా ఈ ఘట్టాలను తరగతిలో చెప్పే మాకు ఆ అనామక శిల్పిని తలచుకొనవలసిన అగత్యం రెండేళ్ల కిందట కలిగింది. కారణం మన కళాశాల క్రీడా సంఘం.

ఎన్.సి.సి. శిబిరంలో మొదటిసారి .22 రైఫిలు పట్టి వచ్చిన నలుగురు విద్యార్థులు, వారిలో ఇద్దరు అమ్మాయిలు, ఒక సాయంకాలం స్టాఫ్ రూముకు వచ్చారు. శిబిరంలో కాల్చినవి కొద్ది గుండ్లే అయినా ఆ రుచి వారిని వదలలేదు. "సార్, ఎయిర్ రైఫిలైనా మన కాలేజీలో ఉంటే బాగుంటుంది" అన్నారు. క్రీడా సంఘం బాధ్యత ఆ ఏడు మా నెత్తిన ఉండడం చేత వారు మా వద్దకు వచ్చారేగాని, తుపాకీకీ మాకూ ఉన్న చుట్టరికం ఉరుసులో బుడగలు కొట్టడంతో సరి.

చట్టం ఈ విషయంలో కఠినం కాదు. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం .177 అంగుళాల బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కరలేదు. ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల పోటీ జరిగేదీ ఆ బోరుతోనే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచినది అందులోనే. 2018 నుండి స్త్రీలకు కూడా పురుషులతో సమానంగా 60 గుండ్ల పోటీ పెట్టారు. అంతకు ముందు వారికి 40 మాత్రమే ఉండేవి. ఈ సంగతి మాకు చెప్పినది ఆ ఇద్దరు అమ్మాయిలలో ఒకతె. చెప్పేటప్పుడు ఆమె గొంతులో వినిపించిన పట్టుదల చూసి, కమిటీ ముందుకు వెళ్లక తప్పదని నిశ్చయించుకొన్నాము.

కమిటీ పెద్దలలో ఒకరు మా మాట పూర్తిగా విన్నారు. విని కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "ప్రొఫెసర్ సాబ్, మీరు చెప్పిందంతా నిజమే. కాని మన కాలేజీలో తుపాకీ అంటే రేపు పత్రికలో ఏ అక్షరాల్లో వస్తుందో ఆలోచించారా?" అన్నారు. గదిలో ఎవ్వరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్న అన్యాయమైనది. కాని అన్యాయం ఆ పెద్దాయనది కాదు. ఇతర కళాశాలల కమిటీలు వేసుకొనవలసిన పని లేని ప్రశ్నలు కొన్ని మన కమిటీ వేసుకొనవలసి వస్తున్నది. మేము, "హజ్రత్, దాచి చేస్తే అనుమానం, చెప్పి చేస్తే ఆట. ముందుగా పోలీసు స్టేషనుకు ఉత్తరం ఇద్దాం" అని మనవి చేశాము. చివరకు అనుమతి లభించింది. షరతులు మూడు. ఆదివారం ఉదయం 7 నుండి 9 వరకు మాత్రమే అభ్యాసం జరగాలి. రైఫిలు ప్రిన్సిపాలుగారి బీరువాలో తాళంలో ఉండాలి. తొమ్మిది దాటిన తరువాత మైదానంలో ఆ ఆటకు సంబంధించిన వస్తువు ఒక్కటి కూడా కనిపించరాదు.

ఈ మూడవ షరతే మా చేత వడ్రంగం చేయించింది. పాతిపెట్టిన స్తంభం పనికిరాదు, సిమెంటు గోడ పనికిరాదు. గురిని నిలబెట్టేది పది నిమిషాలలో లేచి, పది నిమిషాలలో మాయం కావాలి. తయారుగా అమ్మే స్టాండ్లు లేకపోలేదు. కాని కమిటీవారు రెండు స్టాండ్లకు ఇచ్చిన 3,000 రూపాయలకు వాటి కాళ్ళు కూడా రావు.

కాగితం గురి ఉండగా ఉక్కు పలక ఎందుకని మొదట్లో కొందరు మిత్రులు అడిగారు. కాగితం పరీక్ష వంటిది, మార్కులు చెప్తుంది. 10 మీటర్ల రైఫిలు అట్టమీద పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. కొత్తవాడు గంటసేపు కాల్చి, అట్ట దగ్గరకు నడిచి, చిల్లులు లెక్కపెట్టుకొని దిగులు పడతాడు. ఉక్కు పలక అట్లా కాదు, తగిలిన క్షణంలోనే ఠంగుమని బదులు పలుకుతుంది. అందుకే లోకంలో పలుచోట్ల ఉక్కు గురి వాడుకలోకి వచ్చింది. మెక్సికో దేశస్థులు కోడి, అడవిపంది, టర్కీ కోడి, పొట్టేలు ఆకారాలలో ఉక్కు బొమ్మలు కోయించి 200, 300, 385, 500 మీటర్ల దూరాలలో నిలబెట్టి పడగొడతారు. మంచు మీద జారుతూ కాల్చే బయాథ్లాన్‌లో 50 మీటర్ల దూరాన వరుసగా ఐదు గురులుంటాయి. పడుకొని కాల్చేటప్పుడు 45 మిల్లీమీటర్లు, నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు. తగిలితే నల్లచుక్క తెల్లబడుతుంది, చూసేవారందరికీ ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది.

మన పూర్వ విద్యార్థి ఒకరు అమెరికాలో డల్లాస్ నగరంలో ఉద్యోగం చేస్తున్నారు. అక్కడ తుపాకీ ఇంటింటి వస్తువు. ఆ సంగతి మీద మా అభిప్రాయం వేరు, దానికిది చోటు కాదు. అక్కడి వారాంతపు ఆటగాళ్లు తామే చేసుకొనే స్టాండ్ల ఫొటోలు ఆయన పంపారు. అసలు తుపాకులకు వారు 500 బ్రినెల్ కాఠిన్యం గల ఉక్కు పలకలు వాడతారు. ఆ పలక ఖరీదైనది. దానిని మోసే కాళ్ళు మాత్రం వడ్రంగి రంపపు బల్లకు వేసేటటువంటి మామూలు చెక్క కాళ్ళు. మొదట మాకు ఆశ్చర్యం వేసింది. ఖరీదైన పలకకు ఇనుప కాళ్ళు ఎందుకు పెట్టరు? తరువాత తర్కం బోధపడింది. గురి తప్పిన గుండు కాలికి తగులుతుంది. ఇనుప కాలికి తగిలితే ఎటు చెదురుతుందో చెప్పలేము, కాలూ వంగిపోతుంది. చెక్క కాలైతే గుండును తనలోనే ఉంచుకొంటుంది, పాడైతే మరొకటి దూర్చుకోవచ్చు. పలక నిలవాలి, కాలు పోవాలి. పోయే వస్తువు చవకగా ఉండాలి.

వారి చెక్కకు మన ప్రాంతంలో సాటివచ్చేది సరుగుడు కర్ర. పందిళ్లకూ షామియానాలకూ మన కోస్తా అంతటా వాడేదే. నాలుగు కాళ్ళు, ఒక అడ్డకర్ర కొన్నాము. కర్రలను కలిపే కీలు కోసం వెల్డింగు షాపు భాయి దగ్గరకు వెళ్లాము. ఆయన మా బొమ్మ చూసి, మా వైపు చూసి, "తెలుగు సార్‌కు ఇదేం పని?" అని నవ్వాడు. ఆయన పాత బోరు పైపు ముక్కలు ఆరేసి అంగుళాలు కోసి, రెండింటిని కత్తెర కర్రల్లా కలిపి, వాటి తల మీద అడ్డంగా మూడవ ముక్క అతికాడు. అటువంటివి రెండు. కర్రల కొసలు చెక్కి ఆ పైపులలో దూరిస్తే స్టాండు లేచింది, లాగితే పడిపోయింది. మేకు లేదు, తాడు లేదు.

పలకలకు ఆయన మొదట లారీ కమాను పట్టీలు తీశాడు. అవి గట్టి ఉక్కు, పైగా ప్రతి పట్టీకి నడిమధ్య బోల్టు కన్నం ముందే ఉంటుంది. కాని అవి వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపు లోపలి ముఖం కాల్చేవాని వైపు ఉంటే గుండు తిరిగివచ్చే ప్రమాదం ఉన్నది. ఎయిర్ రైఫిలు సీసపు గుండుకు అంత గట్టి ఉక్కు అవసరమూ లేదు. చివరకు 6 మిల్లీమీటర్ల మామూలు ఇనుప పలకలు, జానెడు కంటె తక్కువ వెడల్పు గలవి మూడు, గుండ్రంగా కోయించాము. పలక ముఖం నున్నగా ఉండడం ముఖ్యం. నున్నని పలక మీద సీసం చదునై పక్కలకు చెదురుతుంది, గుంటలు పడిన పలక దానిని వచ్చిన దారినే పంపగలదు. గుంట పడిన పలకను మార్చవలసిందే, బేరం లేదు.

గొలుసు బదులు పాత కన్వేయరు బెల్టు రబ్బరు పట్టీలతో వేలాడదీశాము. పట్టీ పలక వెనుకనుండి వచ్చి పై అంచు దగ్గర బోల్టుతో బిగుస్తుంది. అప్పుడు పలక బరువు పట్టీకి ముందుగా పడి, పై అంచు కాల్చేవాని వైపు కొంచెం వాలుతుంది, కింది అంచు వెనక్కు పోతుంది. తగిలిన సీసం నేలను చూస్తుంది. నమాజులో రుకూకు వంగినట్లు అన్నాడు ఒక కుర్రవాడు. అంత వంగనక్కరలేదు, పెద్దల ముందు తలవంచినంత చాలు. పలకలకు 20 మీటర్ల దూరం పెట్టాము. కెమిస్ట్రీ లాబొరేటరీ కళ్లద్దాలు లేనిదే గీత దగ్గరకు ఎవరినీ రానివ్వము, చూడవచ్చిన వారికి కూడా ఇదే నియమం. వెనుక ప్రహరీగోడ ముందు హాస్టలువారు పారవేయబోయిన రెండు జంబుఖానాలు వదులుగా వేలాడదీస్తే తప్పిన గుండ్లు వాటిలో చిక్కి కింద రాలుతున్నాయి. ఆట ముగియగానే అందరూ సబ్బుతో చేతులు కడుగుకొనవలసినదే. సీసం మంచి స్నేహితుడు కాదు.

అదే స్టాండు కాగితానికి కూడా పనికివచ్చింది. పోటీ నియమం ప్రకారం 10 మీటర్ల అట్ట నడిమధ్య నేలనుండి 1.40 మీటర్ల ఎత్తున ఉండాలి, అయిదు సెంటీమీటర్ల హెచ్చుతగ్గు చెల్లుతుంది. నాలుగున్నర అడుగుల కాళ్ళు వేసి, అడ్డకర్ర మీద 15 కిలోల ఖాళీ నూనె డబ్బాను మూతి ఇటు తిప్పి పడుకోబెడితే లెక్క సరిపోయింది. డబ్బా లోపల ఏటవాలుగా ఒక ఇనుప పలక, అడుగున ఇసుక. అట్టను చీల్చుకొని వెళ్లిన గుండు పలకకు తగిలి ఇసుకలో పడుతుంది.

ఖర్చు కూడా రాయవలె. నాలుగు కాళ్ళకు 240, అడ్డకర్రకు 60, కీళ్లకు 350, రబ్బరుకు 50, బోల్టులకు 90, పలకలకు 125. వెరసి 915 రూపాయలు. నూనె డబ్బా క్యాంటీనువారు ఉచితంగా ఇచ్చారు. మొత్తం పదహారు పదిహేడు కిలోలు, ఇద్దరు పిల్లలు సునాయాసంగా మోస్తారు.

తుపాకీ అభ్యాసస్థలాన్ని ఉర్దూలో చాంద్‌మారీ అంటారు. చంద్రుని వంటి గుండ్రని గురిని కొట్టే చోటు. తెలుగులో గురి అంటే లక్ష్యమే కాదు, నమ్మకం కూడా. ఫలానా వైద్యుని మీద నాకు గురి ఉన్నది అంటాము. ఇంట్లో ఉర్దూ, వృత్తిలో తెలుగు అయిన మాకు ఈ రెండు మాటలు ఒకే మైదానంలో కలవడం సరదాగా తోచింది. మేము తరగతిలో ఈ సంగతి చెప్పగా ఒక విద్యార్థి, "సార్, కమిటీకి మన మీద గురి ఎప్పుడు కుదురుతుంది?" అని అడిగాడు. నవ్వు వచ్చినా జవాబు వెంటనే రాలేదు.

మూడవ ఆదివారం ఆ పెద్దాయన స్వయంగా వచ్చారు. కుర్చీ వేశాము, కళ్లద్దాలు ఇచ్చాము. లండన్ నాటి కథలూ 60 గుండ్ల సంగతీ చెప్పిన ఆ అమ్మాయి దుపట్టా కొంగు బిగించి నిలబడి వరుసగా మూడు పలకలూ మోగించింది. ఆయన ఏమీ అనలేదు. కొంతసేపటికి, "ఇదంతా తీయడానికి ఎంతసేపు?" అన్నారు. పిల్లలు స్టాండు విప్పారు. ఆయన చేతిగడియారం చూసుకొన్నారు, ఆరు నిమిషాలు. పలకలు గోనెసంచిలోకి, కర్రలు భుజాల మీదికి, జంబుఖానాలు స్టోరు గదికి చేరాయి. మైదానంలో మేకపిల్ల ఒకటి తప్ప ఏమీ మిగలలేదు. ఆయన తల ఊపి వెళ్లిపోయారు. తరువాతి నెలలో రెండవ స్టాండు కాగితం మీద సంతకం వచ్చింది.

ఎంత త్వరగా కనుమరుగు కాగలదన్నదే మన పిల్లల ఆటకు మొదటి యోగ్యత కావడం మాకు సంతోషం కలిగించలేదని చెప్పక తప్పదు. ఆ మాటే ఆయనతో కూడా అన్నాము. ఆయన, "ముందు ఉండనీయండి, తరువాత కనిపించనిద్దాం" అన్నారు. ఏకీభవించకపోయినా ఆ మాటలో అనుభవం ఉన్నదని ఒప్పుకొన్నాము. ప్రస్తుతం ఇరవైముగ్గురు విద్యార్థులు వస్తున్నారు, వారిలో తొమ్మండుగురు అమ్మాయిలు. సమయం తొమ్మిదికి బదులు పదివరకు పెంచారు.

ఈ సంవత్సరం రెండు కాళ్ళు మార్చాము. ఒకటి గుండ్లు తిన్నది, మరొకటి స్టోరు గదిలో చెదలు తిన్నది. మొదటిదాని ఖర్చు క్రీడల పద్దులో రాశారు. రెండవదానిని ఏ పద్దు కింద చూపవలెనో గుమాస్తాగారు ఇంకా తేల్చలేదు.