ఊరుమ్మడి ఇసుకనేల: సెంట్ ఆండ్రూస్

స్కాట్లండు తూర్పుతీరమున, ఎడింబరోకు ఈశాన్యముగా రోడ్డుదారిన సుమారు 80 కిలోమీటర్ల దూరమున, ఉత్తరసముద్రపు గాలులకు ఎదురొడ్డి నిలిచిన చిన్న పట్టణము సెంట్ ఆండ్రూస్. జనసంఖ్యలో అది మన తాండూరులో మూడవ వంతుకూడ ఉండదు. అయినను ఆరు శతాబ్దములకు పైబడిన విశ్వవిద్యాలయమును, ఒకప్పుడు స్కాట్లండు దేశమునకెల్ల మతపీఠమై వెలసిన కథీడ్రల్ శిథిలములను, గోల్ఫు ఆటయందు అభిరుచి గలవారెల్లరు జీవితమున ఒక్కసారియైన అడుగిడవలెనని కోరుకొను ఓల్డ్ కోర్సును తనయందు నిలుపుకొనుటచేత, దాని కీర్తి దాని పరిమాణమును ఎన్నడో దాటిపోయినది.

ఊరి రూపము సుబోధమైనది. నార్త్ స్ట్రీట్, మార్కెట్ స్ట్రీట్, సౌత్ స్ట్రీట్ అను మూడు వీథులు పడమటినుండి తూర్పునకు సాగి, తుదకు కథీడ్రల్ వైపునకే మొగ్గును. 1318వ సంవత్సరమున రాబర్ట్ బ్రూస్ మహారాజు సమక్షమున ప్రతిష్ఠింపబడిన ఆ మహామందిరము, 1559లో జాన్ నాక్స్ ఉపన్యాసములచే రేగిన మతసంస్కరణోద్యమపు వెల్లువలో కొల్లగొట్టబడి, పిమ్మట రాయికి రాయిగా ఊడదీయబడి, నేడు ఆకాశమే పైకప్పుగా నిలిచియున్నది. దాని ఆవరణమందలి శ్మశానవాటికలోనే ఈ ఊరి గోల్ఫునకు పితామహుడనదగిన టామ్ మోరిస్ సమాధియు, ఇరువదినాలుగేండ్లకే గతించిన అతని కుమారుని సమాధియు కలవు. తండ్రియు కుమారుడును చెరి నాలుగు పర్యాయములు ఓపెన్ అను గోల్ఫు పోటీలో విజేతలగుట చరిత్రప్రసిద్ధము. 1413లో పోపు శాసనముచే పూర్ణప్రతిష్ఠ నొందిన విశ్వవిద్యాలయపు విద్యార్థులు నేటికిని ఎఱ్ఱని గౌనులు ధరించి రేవుకట్టపై బారులుతీరి నడచుట కద్దు.

అయితే ఈ పట్టణపు ఆత్మను తెలిసికొనగోరువారు రాతికట్టడములను విడిచి, ఊరికి వాయవ్యమున సముద్రమునకును సాగునేలకును నడుమ పరచుకొన్న ఇసుకనేలకు పోవలయును. సముద్రము వెనుకకు జరిగిన కొలది బయటపడిన ఇసుకపై గాలి దిబ్బలు పేర్చగా, ఆ దిబ్బలపై సన్నని గట్టిగడ్డియు, పసుపుపచ్చని పూలు పూచు ముండ్లపొదలును మొలచి ఏర్పడిన ఇట్టి నేలను అచ్చటివారు లింక్స్ అందురు. నాగలికి లొంగదు, పంటకు పనికిరాదు. కాని వానకురిసిన నీరు నిలువక ఇంకిపోవుటచే, గొఱ్ఱెలు కురుచగా మేసిన గడ్డిపై బంతి చక్కగా దొరలుటచే, ఆటకు అంతకు మించిన భూమి లేదు. గాలికి ఓర్వలేని గొఱ్ఱెలు ఒదిగి పండుకొనిన పల్లములే కాలక్రమమున ఆటగాండ్రను గడగడలాడించు ఇసుకగోతులగు బంకర్లైనవని అచ్చటివారి నమ్మకము. ఓల్డ్ కోర్సులో అట్టివి 112 కలవు.

దోమ మండలమందలి పాఠకునకు ఈ నేల యొక్క స్థితి అర్థమగుట కష్టము కాదు. మన గ్రామములలో గైరాన్ అనియు, బంచరాయి అనియు పిలువబడు భూమి ఎట్టిదో, స్కాట్లండువారికి లింక్స్ అట్టిది: ఒకరి పట్టా కాదు, ఒకరి పంట కాదు, పశువు మేయుటకు, బట్టలు ఆరవేయుటకు, పిల్లలు ఆడుకొనుటకు ఊరివారందరికిని హక్కుగల నేల. మన గైరాన్లు ఆక్రమణలపాలై ఎన్నిచోట్ల కరగిపోయినవో మనమెరుగుదుము. సెంట్ ఆండ్రూస్ వారి నేలకును ఆ గండము వచ్చినది. వారు దానిని గడచి బయటపడిరి. ప్రపంచప్రసిద్ధమైన క్రీడాస్థలమున ఒక సామాన్యుడు నేడు అడుగుపెట్టగల్గుచున్నాడన్నచో, దాని మూలము ఆ గండమును గడచిన కథయందే కలదు.

1457లో స్కాట్లండు రాజైన రెండవ జేమ్సు, ప్రజలు విలువిద్యను విస్మరించుచున్నారని, గోల్ఫును ఫుట్‌బాలును నిషేధించెను. నిషేధమును ఊరివారు లక్ష్యపెట్టినట్లు కానరాదు. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్, లింక్స్‌పై కుందేళ్లను పెంచుకొనుటకు తనకు అనుమతి పొందుచు, అదే పత్రమున అచ్చట గోల్ఫు మొదలగు సకలక్రీడలను ఆడుకొనుటకు పురజనులకు గల హక్కును అంగీకరించెను. ఆ అంగీకారమే నేటివరకు ఊరికి కవచము. 1754లో 22 మంది సంపన్నులు కలసి క్రీడాసంఘమును స్థాపింపగా, 1834లో నాల్గవ విలియమ్ రాజు అనుగ్రహముచే అది రాయల్ అండ్ ఏన్షెంట్ గోల్ఫ్ క్లబ్ అయినది. ఆట మొదలుపెట్టు చోటగు మొదటి టీకి వెనుకగా గంభీరముగా నిలిచిన దాని రాతిభవనమును చూచినవారు ఈ నేలయు దానిదే అనుకొందురు. కాని క్లబ్బు భవనమునకే స్వామి, నేలకు గాదు.

గండము వచ్చినది 1797లో. అప్పులపాలైన పురపాలకసభ లింక్స్‌ను పరాధీనము చేయగా, అది కుందేళ్ల వ్యాపారుల చేత చిక్కినది. కుందేళ్లు బొరియలు త్రవ్వి నేలనంతయు గుల్లచేయుచుండ, ఆటగాండ్రకును వ్యాపారులకును న్యాయస్థానములలోను వెలుపలను ఇరువది సంవత్సరములకు పైగా కలహము సాగెను. 1821లో స్ట్రాత్‌టైరమ్ భూస్వామి జేమ్స్ చీప్, తాను గోల్ఫు ప్రియుడగుటచే, ఆ భూమిని కొని ఆటకు కాపాడెను. 1894లో పార్లమెంటు శాసనముతో అది మరల ఊరి సొత్తయ్యెను; 1974నుండి సెంట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్టు ప్రజలపక్షమున దానిని నిర్వహించుచున్నది. ఇచ్చటి కోర్సులు నేడు ఏడు. అన్నియు ప్రజలకు తెరచియుండునవే.

ఉమ్మడిహక్కు పుస్తకములలో మాత్రమే మిగిలినది కాదు, కనులకు కానవచ్చుచుండును. పచ్చిక ఆటదారులగు మొదటి, పదునెనిమిదవ ఫెయిర్‌వేలకు అడ్డముగా గ్రానీ క్లార్క్స్ వైండ్ అను బాట సముద్రతీరమునకు పోవుచున్నది. 30 పర్యాయములు ఓపెన్ పోటీలు జరిగిన స్థలమిది. అయినను సామాన్యదినములలో తువ్వాలు భుజముపై వేసికొన్న కుటుంబములు, సైకిలుపై పోవు బాలురు, కుక్కను పట్టుకొన్న వృద్ధులు ఆ బాటవెంట నడచిపోవుచుందురు. టీ వద్ద కఱ్ఱ ఎత్తినవాడు వారు దాటువరకు ఆగును. ఆదివారము ఓల్డ్ కోర్సులో ఆట లేదు. నేలకు విశ్రాంతి, ఊరికి ఉద్యానవనము. ఆనాడు ఎవరైనను పోయి స్విల్కన్ వాగుపై గల చిన్న రాతివంతెన మీద నిలిచి, విజేతలు నిలిచిన చోటనే ఛాయాచిత్రము తీయించుకొనవచ్చును. అందులకు పైసా చెల్లింపనక్కరలేదు.

ఇక ఆడుట ఎట్లు? వేసవికాలపు ఓల్డ్ కోర్సు రుసుము ఇటీవల 300 పౌండ్లను దాటినది. మన రూపాయలలో ముప్పదివేలకు పైచిలుకు. హోటలు బస, నిశ్చితమైన టీ టైము కలిపి అమ్ము యాత్రాసంస్థల ప్యాకేజీలైనచో దానికి ఎన్నో రెట్లగును. కాని ఊరుమ్మడి నేల యగుటచే ఆ ప్యాకేజీలతో నిమిత్తములేని ద్వారములు రెండు తెరచియున్నవి. మొదటిది బ్యాలెట్ అను చీటీల పద్ధతి. ఆడదలచిన దినమునకు రెండు దినములు ముందుగా, మధ్యాహ్నము 2 గంటలలోపల, ఇద్దరు మొదలు నలుగురివరకు గల జట్టు పేర్లు నమోదు చేసికొనవలెను. సాయంకాలమునకు ఫలితము ప్రకటింతురు. పేరిచ్చుటకు రుసుము లేదు. నేడు రానివాడు రేపు మరల ఈయవచ్చును. ఆదివారపు విరామమును లెక్కించుకొని, ఊరిలోనో ఊరి చేరువనో కొన్ని దినములు నిలువగలవానికి అవకాశము హెచ్చును.

రెండవది ఒంటరిగా వచ్చువారి ద్వారము. పూర్వము ఒంటరి ఆటగాండ్రు అర్ధరాత్రి దాటినది మొదలు ఓల్డ్ పెవిలియన్ యెదుట కంబళ్లు కప్పుకొని, చలిగాలిలో వరుసగట్టి, తెల్లవారగనే ముగ్గురే యున్న జట్టులలో నాలుగవ స్థానము కొఱకు వేచియుండెడివారు. 2024లో ఆ వరుసను మాన్పించి, ముందుదినమున స్వయముగా వచ్చి పేరు వ్రాయించుకొన్నవారి నడుమ చీట్లు తీయు ఏర్పాటు చేసిరి. రాత్రిజాగరణపు తపస్సు తప్పినది. అదృష్టము మాత్రము అందరికిని సమానము. ఏ ద్వారమున వచ్చినను ఆటగాని నైపుణ్యమును కొలుచు అధికారికమైన హ్యాండికాప్ ధ్రువపత్రము చూపవలెను. కనుక గోలకొండ నయాఖిలాలోని మైదానముననో మరియొకచోటనో ఆడు మనవారు తమ హ్యాండికాప్ పత్రమును బయలుదేరుటకు ముందే సిద్ధపరచుకొనుట శ్రేయస్కరము. ఇచ్చట బండ్లపై తిరుగుట వాడుక కాదు, నడచియే ఆడవలయును. కఱ్ఱల సంచి మోయు క్యాడీని పెట్టుకొనుట మన ఇష్టము, దానికి వేరు సొమ్ము.

వ్యయము తగ్గింపగోరువారు చలికాలమును ఎన్నుకొనవచ్చును. నవంబరునుండి మార్చివరకు రుసుము చాలవరకు దిగును. పగలు కురుచ, గాలి కఱకు, నేల మాత్రము అప్పటికిని గట్టిగానే యుండును. ఆ మాసములలో ఫెయిర్‌వే గాయపడకుండుటకై ఆటగాని చేతికి చిన్న పచ్చని చాపముక్క నిత్తురు. బంతిని ఎత్తి దానిపై నుంచి, కొట్టి, చాపను మరల చేతబట్టుకొని ముందునకు నడవవలెను. ఎంతటి పేరుమోసినవాడైనను ఆ చాపను మోయవలసినదే. భూమిని రాబోవు వేసవికి, రాబోవు తరమునకు పదిలపరచుట ఆటలో అంతర్భాగమని ఆ చిన్నవస్తువు బోధించుచున్నది.

ఓల్డ్ కోర్సే కావలెనను పట్టుదల లేనివానికి మార్గములు మరింత విశాలములు. 1895లో ఏర్పడిన న్యూ కోర్సు, 1897నాటి జూబిలీ, 1914నాటి ఈడెన్ దాని ప్రక్కనే, అదే ఇసుకపై, అదే గాలిలో కలవు. రుసుము సగమునకు లోపే. తొమ్మిది గుంటల బాల్‌గోవ్ కోర్సు పిల్లలకును నేర్చుకొనువారికిని ఉద్దేశింపబడినది; దానికి హ్యాండికాప్ అడుగరు, ఖర్చు స్వల్పము. ఇక హిమాలయాస్ అను పేర ప్రసిద్ధమైన మిట్టపల్లాల పటింగ్ మైదానము 1867లో స్త్రీల సంఘముచే స్థాపితము. కొద్ది పౌండ్లతో గోల్ఫు ఎన్నడును ఎరుగని తల్లిదండ్రులును, పసిబిడ్డలును ఒకే కఱ్ఱతో ఆనందింపవచ్చును. ఊరు దాటినచో ఫైఫ్ తీరమువెంట 1786లో వెలసిన క్రెయిల్ సంఘపు కోర్సు, జలాంతర్గామి నుండి తెచ్చిన పెరిస్కోపుతో దిబ్బ ఆవలి ఆటగాండ్రను కనిపెట్టు ఎలీ కోర్సు మొదలగునవి ఇంకను తక్కువ వెలకు పురాతనమైన లింక్స్ రుచిని చూపును.

రాకపోకలకు చింతలేదు. ఈ ఊరి రైలుమార్గము 1969లో మూతపడినది గాని, ఎడింబరో, డండీ నగరములనుండి రైలులో లూకర్స్ స్టేషనున దిగి బస్సెక్కినచో కొద్ది నిముషములలో చేరవచ్చును. బస్‌స్టేషనునుండి మొదటి టీవరకు కాలినడక. చదువులకై స్కాట్లండు చేరిన మన బిడ్డలు డండీలో అగ్గువగా బసచేసి, ఉదయముననే వచ్చి పేరు వ్రాయించుకొని, చీటీ రానినాడు కథీడ్రల్ చూచి, వెస్ట్ సాండ్స్ ఇసుకతీరమున నడచి, హిమాలయాస్‌లో ఆడి మరలినను ఆ దినము వ్యర్థము కాదు.

రుసుములు పెరుగుచున్నవి, యాత్రికులు హెచ్చుచున్నారు, చీటీలో పేరు వచ్చుట నానాటికి దుర్లభమగుచున్నది. అయినను ఊరివారికి ఏటేట లభించు టికెట్టు సందర్శకుని ఒకటి రెండు ఆటల వెలకు మించకుండుట, ఆదివారపు తలుపులు మూతపడకుండుట, గ్రానీ క్లార్క్స్ వైండ్‌పై బాటసారిదే ముందుహక్కగుట గమనించినచో, ఉమ్మడినేలను విక్రయించుట సులభమనియు, దానిని మరల సంపాదించుటకు తరములు పట్టుననియు సెంట్ ఆండ్రూస్ ఒక్కసారి కుందేళ్ల వలన నేర్చికొని మరువలేదని తెలియును. ఆ ఊరిని చూడబోవు తెలుగువారు ఒక ఆటను ఆడి వచ్చుటతో తృప్తిపడక, ఆ నేల ప్రజలదిగా ఎట్లు నిలిచినదో, ఏ శాసనము ఏ సంవత్సరమున దానిని కాచినదో తెలిసికొని రావలెను. గైరాన్ భూములు ఇంకను మిగిలియున్న మన మండలములకు ఆ జ్ఞానము కంటె విలువైన యాత్రాఫలము లేదు.