తారు లేని దారులు

సైకిళ్ల దుకాణాల్లో ఇప్పుడు గ్రావెల్ బైక్ అని, కంకర, మట్టి దారుల కోసం ఒక రకం నిలబెడుతున్నారు. దూరం నుంచి చూస్తే రేసు సైకిలే అనుకుంటాం. అదే వంపు తిరిగిన హ్యాండిల్, అదే తేలికైన ఫ్రేమ్. తేడా అంతా చక్రాల దగ్గరుంది. రేసు సైకిల్ టైరు 25, 28 మిల్లీమీటర్ల వెడల్పుంటే దీనిది 40 నుంచి 50 దాకా ఉంటుంది. గాలి సగానికి సగం తక్కువ కొడతారు. బిర్రుగా గాలి కొట్టిన టైరు ప్రతి రాయి మీదా ఎగిరిపడుతుంది, మెత్తని టైరు రాయికి తగ్గట్టు నొక్కుకుని దాటేస్తుంది. డిస్క్ బ్రేకులు, గట్టు ఎక్కడానికి పనికొచ్చే చిన్న గేర్లు సరేసరి. ధర మాత్రం నేను చెప్పను. పల్లెల్లో ఎలాగూ అడుగుతారు, నిజం చెబితే "ఆ డబ్బుకి మోటారు సైకిలే వచ్చేదిగా" అంటారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

ఈ సైకిళ్ల ఆటకు పెద్ద పేరు తెచ్చింది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం. అక్కడ ఎంపోరియా అనే చిన్న పట్నంలో 2006లో ఒక రేసు మొదలైంది. ఇప్పుడు దాన్ని అన్‌బౌండ్ అంటున్నారు. 200 మైళ్లు, అంటే సుమారు 320 కిలోమీటర్లు, ఒకే విడతలో తొక్కాలి. ఆ ప్రాంతం ఫ్లింట్ హిల్స్, చెకుముకి రాళ్ల గుట్టలు. ఆ రాయి అంచు టైరు పక్కను బ్లేడులా చీల్చేస్తుంది. అయితే ఆ రాళ్ల వల్లే అక్కడి నేలకు నాగలి తగల్లేదు. దున్నడానికి లొంగని నేల కాబట్టి నిలువెత్తు గడ్డి మిగిలింది, గడ్డి ఉంది కాబట్టి పశువుల మందలు మిగిలాయి, మందల దగ్గరికి పోయిరావడానికి కంకర దారులు చాలు కాబట్టి అవి అలాగే ఉండిపోయాయి. మట్టి దారి ఎక్కడున్నా దాని వెనక ఎవరిదో ఒక పని ఉంటుంది. రూటు ఎంచుకోవడానికి ఫోన్‌లో మ్యాపు తెరిచేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముందు ఆ దారి ఎవరి పని కోసం పడిందో కనుక్కోండి. నేల ఎలా ఉంటుందో, ఏ నెలలో వెళ్లాలో, ఎదురుగా ఏం వస్తుందో అన్నీ అందులోనే తెలుస్తాయి.

మన దగ్గర నాకు బాగా నచ్చింది వికారాబాద్ నుంచి తాండూరు దాకా పక్క దారుల్లో పోవడం. మెయిన్ రోడ్డున అయితే సుమారు 40 కిలోమీటర్లు. ఊళ్ల మీదుగా మెలికలు తిరుగుతూ పోతే అంతకు ఎంత ఎక్కువన్నది మీ ఓపికను బట్టి. రెండు చోట్లా రైలు ఆగుతుంది కాబట్టి తిరుగు ప్రయాణం బెంగ ఉండదు. పైన అనంతగిరి గుట్టలు, మూసీ పుట్టిన చోటు. అక్కడంతా ఎర్రమట్టి, తుప్పు పట్టిన ఇనుములా కనిపించే రాయి. ఆ రంగు ఇనుముదే. వాన పడ్డా ఈ నేల నీళ్లను తొందరగా దింపేసుకుంటుంది, పొద్దున కురిస్తే మధ్యాహ్నానికి మొరం బాట మీద సైకిల్ హాయిగా పోతుంది. ఎండితే మాత్రం పైన గుండ్రటి గులకలు తేలతాయి. వాటి మీద మలుపులో బ్రేకు నొక్కితే ముందు చక్రం మన మాట వినదు. బ్రేకు మలుపుకు ముందే నొక్కి, మలుపులో వదిలేయాలి. ఇది రాసినంత సులువు కాదు.

గుట్టలు దిగి ధారూరు వైపు, కోట్‌పల్లి చెరువు పక్కగా పోతుంటే నేల రంగు మారడం మొదలవుతుంది. ఒక చేను ఎరుపు, పక్క చేను గోధుమ రంగు, ఆ తర్వాతి చేను నలుపు. తాండూరు దగ్గరికొచ్చేసరికి పూర్తిగా నల్లరేగడి. కింద సున్నపురాయి పొరలు, పైన కంది చేలు. ఇక్కడి కందిపప్పు 2022లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఆ రుచికి రేగడే కారణమని రైతులు చెబుతారు. ఊళ్లలో గోడలు ఆ సున్నపురాతి బండలు, ఇళ్ల ముందు అరుగులు బండలు, కొన్నిచోట్ల చేను గట్టున పాతిన కడీలు కూడా బండలే. బండల గనుల వైపు పోయే దారిలో లారీలు తొక్కిన తెల్లటి పొడి పాదం మునిగేంత ఉంటుంది. దగ్గు వస్తుంది, సైకిల్ గొలుసు ఏడుస్తుంది. ఆ ముక్క రూటులోంచి తీసేయమని నా సలహా.

రేగడి సంగతి వేరే చెప్పాలి. ఎండాకాలం ఇది చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. శీతాకాలంలో, బండ్లూ ట్రాక్టర్లూ తొక్కి గట్టిపరిచాక, తారు రోడ్డును మించిన నున్నదనం వస్తుంది. రెండు గీరల మధ్య సన్నటి చారలో చక్రం పెట్టి పోతుంటే చప్పుడే ఉండదు. అదే రేగడి వానాకాలంలో నీళ్లు తాగి ఉబ్బుతుంది, జిగురవుతుంది. టైరుకు అంటుకున్న మట్టి ఒక్కో చుట్టుకూ పెరిగి ఫోర్కుకూ టైరుకూ మధ్య ఇరుక్కుంటుంది. పది గజాల్లో చక్రం ఆగిపోతుంది. సైకిల్‌ను భుజాన వేసుకుంటే అది రెండింతల బరువు. కాన్సాస్‌లోనూ ఇదే తంతు. 2023లో రేసు మొదలైన కాసేపటికే బురద తగిలి, లోకమంతా పేరున్న రేసర్లు సైకిళ్లు మోసుకుని నడిచారు. అక్కడివాళ్లు మట్టి గీకడానికి డబ్బాలో రంగు కలిపే చెక్కముక్క జేబులో పెట్టుకుంటారట. జేబులో ఏమున్నా లేకపోయినా, ఆషాఢం నుంచి దసరా దాకా నల్ల నేల జోలికి పోకపోవడమే తెలివి.

ముళ్ల గురించి కూడా చెప్పాలి. సర్కారు తుమ్మ లేని బాట తెలంగాణలో లేదు, రాయలసీమలో అసలే లేదు. కంచెకు కొట్టిన కంప ఎండి బాట మీద రాలుతుంది. దానికి తోడు పల్లేరుకాయలు. మన పల్లేరే సముద్రాలు దాటి పోయి అమెరికా పశ్చిమ రాష్ట్రాల సైకిలిస్టులను కూడా ఏడిపిస్తోంది. అందుకే ఈ సైకిళ్లలో ట్యూబు తీసేసి, టైరులో పాలలాంటి జిగురు ద్రవం పోస్తారు. ముల్లు పీకగానే బుస్సుమంటుంది, నాలుగు చుట్లు తిరిగేసరికి చిల్లు మూసుకుంటుంది. నున్నటి టైర్లూ ట్యూబులూ వేసుకుని పల్లె బాట పట్టినవాళ్ల పొద్దంతా పంక్చర్లు వేయడంతోనే గడిచిపోతుంది. కుక్కలకు మాత్రం ఇంకా ఏ మందూ కనిపెట్టలేదు. దిగి నడవడమే మందు.

గోదావరి డెల్టా దారులు పూర్తిగా మరో రకం. అక్కడ ఎత్తుపల్లాలు లేవు, గాలి ఉంది. దారి అంటే కాలువ గట్టు. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన ఆర్థర్ కాటన్, కాలువలను సాగుకే కాక పడవలకు కూడా తవ్వించాడు. గాలి అనుకూలించనప్పుడు పడవకు తాడు కట్టి, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్లు. మనిషి బరువు లాగుతూ నడవాల్సిన గట్టు కాబట్టి అది చదునుగా, పెద్ద మలుపుల్లేకుండా మైళ్ల కొద్దీ సాగుతుంది. ఎక్కడైనా ఒక్కసారిగా దిగుడు వస్తే లాకు దగ్గరికొచ్చామని అర్థం. పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించిన చోట మన చక్రం కూడా దిగుతుంది. కడియం వైపు వెళ్తే మొక్కల నర్సరీలు, ఇంకా కిందికి పోతే కొబ్బరి, అరటి, వరి. "ఎందాకా అండీ?" అని అడిగే గొంతు వెనకే కొబ్బరిబొండాం కూడా వస్తుంది. తాండూరు వైపు అదే ప్రశ్న "ఏడికి పోతున్రు సార్, రేసా ఇది?" అని ఉంటుంది. జవాబు ఏం చెప్పినా "ఊకెనే తొక్కుతున్రా?" అని నవ్వు.

గట్టుకు మంచి రోజులు సంక్రాంతి నుంచి మార్చి దాకా. రెండో పంటగా వేసే దాళ్వా వరి పచ్చగా ఉంటుంది, గట్టు ఎండి ఉంటుంది. తర్వాత కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, ఆ మట్టంతా గట్టు మీదే పోస్తారు. కోతల రోజుల్లో పుంతల్లోకి పోకూడదు. పొలానికీ ఊరికీ మధ్య బండ్లూ పశువులూ నడిచే ఆ సన్నటి దారి అప్పుడు పూర్తిగా ట్రాక్టర్లది. ధాన్యం తోలుకునే మనిషికి గంట కొట్టి పక్కకు జరగమనడం కన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి లేదు. దిగి గట్టెక్కి నిలబడాలి.

మట్టి దారిని కాపాడుకున్న కథ ఒకటి ఇటలీది. అక్కడి టస్కనీలో, కియాంటీ ద్రాక్షతోటల మధ్య తెల్లటి మట్టి రోడ్లుండేవి. ఒక్కొక్కటిగా తారు పడుతుంటే జాన్‌కార్లో బ్రోచ్చి అనే ఆయన 1997లో పాతకాలపు సైకిళ్లతో లెరోయికా అనే యాత్ర మొదలుపెట్టాడు. 2007లో అదే నేల మీద స్ట్రాడే బియాంకే అనే ప్రొఫెషనల్ రేసు వచ్చింది. ఆ రోడ్లకు ఇప్పుడు సందర్శకులే కాపలా. ఈ కథ చెప్పి మన దగ్గరా తారు వద్దనేవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఊరికి అంబులెన్సు రావాలి, బడి బస్సు రావాలి. 2000 డిసెంబర్‌లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద పడిన తారు మీద బతికి బట్టకట్టిన మనుషులున్నారు. వారాంతపు సరదా కోసం ఎవరి ఊరూ దుమ్ములో ఉండనక్కర్లేదు.

మన మట్టి దారులకు అసలు ముప్పు తారు కాదు, పక్క పొలం. పుంతకు అటువైపు రైతు ఒక సాలు లోపలికి దున్నుతాడు, ఇటువైపు రైతు ఇంకో సాలు. బండ్లు తగ్గాయి, అడిగేవాళ్లు లేరు. పది పంటల్లో బండి పట్టే దారి కాలిబాట అవుతుంది, ఆ తర్వాత గట్టవుతుంది. చివరి పొలం వాడు ధాన్యం తోలుకోవడానికి పక్కవాడి కాళ్లు పట్టుకోవాలి. సైకిల్ తొక్కేవాడికి ఇది ముందు తెలుస్తుంది, ఎందుకంటే మ్యాపులో ఉన్న బాట చేలో ఆగిపోయేది అతని చక్రం కిందే. రెవెన్యూ వాళ్ల గ్రామ పటంలో మాత్రం ఆ పుంత ఇంకా రెండు గీతల మధ్య భద్రంగా ఉంటుంది. మీ ఊరి పటం ఒకసారి తీయించి చూడండి. అందులో ఉన్న దారి నేల మీద లేకపోతే, ఊళ్లో నలుగురి చేత సంతకాలు పెట్టించి తహశీల్దారుకు ఒక అర్జీ ఇవ్వండి.