జీతానికి పైన హద్దు ఉంది, కింద భరోసా లేదు



2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు కొట్టింది. హాస్టల్‌లో ఒక్క ఫోన్ చుట్టూ పదిమందిమి కూసొని చూసినం. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన నైజీరియా ఆటగాడు ఓగ్బెచేకు అప్పటికే 37 ఏండ్లు. వేరే జట్టైతే ముసలోడని పక్కకు పెట్టేది.

ఐఎస్ఎల్‌లో ఒక రూల్ ఉంది. ఆటగాళ్ల జీతాల మీద క్లబ్బు ఇంతకు మించి ఖర్చు పెట్టొద్దు. అప్పట్లో ఆ హద్దు సుమారు 16.5 కోట్లు. పైసలున్న క్లబ్బే మంచోళ్లందర్నీ కొనుక్కోకుండా పెట్టిన్రు, బాగనే ఉంది. కానీ ఒప్పుకున్న జీతం నెలనెలా చేతికొస్తదని ఆ రూల్ చెప్పదు. రెండేండ్లు తిరగకముందే అదే హైదరాబాద్‌లో జీతాలు ఆగినయ్. కొత్తోళ్లను తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. 2024 జనవరిలో పేరున్నోళ్లు చాలామంది వెళ్లిపోయిన్రు, కుర్రోళ్లతో ఆడి జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. 2025లో జట్టే ఢిల్లీకి పోయింది. పేరున్నోడికి ఇంకో క్లబ్బు దొరుకుతది. తండా నుంచో పెంట నుంచో పోయిన కుర్రోడికి?

పోవద్దని అంటలేను. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా పోయింది.

అచ్చంపేట, కొల్లాపూర్, గద్వాల దిక్కు నుంచి ట్రయల్స్‌కు పోయేటోళ్లు సంతకానికి ముందు అడగండి: జీతం ఏ తారీఖున పడ్తది, దెబ్బ తగిలితే దవాఖాన ఖర్చు ఎవరిది, క్లబ్బు మూతపడితే మన బాకీ ఎవరిస్తరు? కాగితం ఇంగ్లీషులో ఉండి సమజ్ కాకుంటే ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.