కోరంగి బురద కథ

కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుంటే ముందు చొల్లంగి వస్తుంది. పుష్య బహుళ అమావాస్యనాడు సప్తసాగర యాత్రకు బయల్దేరేవాళ్లు తొలి స్నానం చేసేది అక్కడే. ఇంకాస్త వెళితే కోరంగి మడ అడవి. 1978లో దీన్ని అభయారణ్యం చేశారు. చెట్ల మధ్య కర్రల వంతెన వేశారు కనుక చీర కుచ్చిళ్లు తడవకుండా లోపలికంటా నడవొచ్చు. నీళ్లు వెనక్కి తీసిన వేళ వెళ్లండి, బురద బాగా కనిపిస్తుంది. బురద చూడ్డానికి అంత దూరమా అంటారేమో, చూడవలసిందే!

పైపైన పల్చటి గోధుమరంగు. పుల్లతో గీకితే కింద కాటుక నలుపు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. రాలిన మడాకులు ఈ బురదలో కూరుకుపోతాయి. లోపల గాలి ఆడదు కనుక మన పెంటకుప్పలోలా త్వరగా చివకవు, ఏళ్ల తరబడి నిలవుంటాయి. (ఆ గాలి కోసమే మడచెట్లు వేళ్లను పైకి పొడుచుకుని నిలబడతాయి.) గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని గంధకపు వాయువు వదులుతాయి. వాసన దానిదే. అది ఇనుముతో కలిస్తే ఆ నలుపు.

ఇనుము ఎక్కడిదంటారా? గోదావరి తెచ్చిందే. త్ర్యంబకం నుంచి 1465 కిలోమీటర్లు వస్తూ నల్లరేగడి మట్టిని మోసుకొస్తుంది. అందులో ఇనుము, మాంగనీసు, రాగి సహజంగానే ఉంటాయి. ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు కలిసినచోట జింకు, సీసం, కాడ్మియం తోడవుతాయి.

వరద రోజుల్లో మన అమ్మమ్మలు బిందెలో ఎర్రనీళ్లకు పటిక తిప్పేవారు, లేదంటే చిల్లగింజ అరగదీసేవారు. మట్టి అడుక్కు దిగి పైన నీరు తేటపడేది. నది సముద్రంలో కలిసేచోట ఆ పటిక పని ఉప్పు చేస్తుంది. మంచినీటిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలే సన్నటి బంకమట్టి రేణువులు ఉప్పునీరు తగిలితే ఉండకట్టి దిగిపోతాయి. వాటినీ, ఆకుల మడ్డినీ అంటిపెట్టుకుని లోహాలు కూడా దిగుతాయి. ఇసుకకు ఈ పట్టు చాలా తక్కువ.

నీరు తేటపడింది సరే, అడుగు మడ్డి మాటేమిటి? మనమైతే పారబోస్తాం. ఇక్కడ అది అలాగే ఉంటుంది. కదపనంత కాలం గంధకం లోహాలను పట్టి ఉంచుతుంది. ఓడల దారి కోసం తవ్వినా, రొయ్యల చెరువుల కోసం మడ నరికి తిరగేసినా బురదకు గాలి తగులుతుంది. పడవ దిగేచోట నా చెప్పులకంటిన నల్లబురద ఇంటికొచ్చేసరికి గోధుమరంగుకు తిరిగింది, ఆ గాలి వల్లే. అప్పుడు గంధకం పట్టు సడలి, లోహాలు కొంత మళ్లీ నీళ్లలో కలుస్తాయి. బురదలో మేసే పీతలకూ, గుల్లలకూ ఎక్కుతాయి.

అందుకని పీతలు మానేయమని కాదు. కాడ్మియం లాంటివి పీత కండలో కన్నా డొప్ప కింది గుజ్జులో ఎక్కువ చేరతాయి. ఆ గుజ్జుతోనే పులుసుకు రుచని మా ఇంట్లో మగవాళ్ల వాదన. నేను మాత్రం శుభ్రంగా తీసేసి, కాళ్లూ కండా వేసి, చింతపండు ఇంకాస్త చిక్కగా పోస్తాను.