అలీ వైపు అందరం, ఫ్రేజియర్ వైపు ఒకరు

క్రికెట్ మాకు ఆట కాదు, పరీక్ష. ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ రోజున యలమంచిలి బజారులో టీవీ షాపు ముందు నిలబడిన కాలంలో, తెర మీద స్కోరు కంటే మా ముఖాలనే ఎక్కువమంది చూసేవాళ్లు. చప్పట్లు కొడితే నటన అన్నారు. కొట్టకపోతే చూశారా అన్నారు. బంతి బాగా పడిందంటే, ఎవరి బంతి అని అడిగారు. అజహరుద్దీన్ సెంచరీ కొట్టిన పూట మాకు ఊపిరాడేది. సున్నాకి ఔటైన పూట అతనితోపాటు మేమూ ఔటే.

బాక్సింగులో ఆ బాధ లేదు. ఎక్కడో న్యూయార్కులో ఇద్దరు నల్లవాళ్లు కొట్టుకుంటే మేం ఎవరి వైపున్నా ఈ ఊళ్లో ఎవరికీ పట్టదు. అందుకే మేం బాక్సింగుని ప్రేమించాం. మా ఇష్టానికి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని ఆట అదొక్కటే.

మేమంటే పెద్ద గుంపేం కాదు. ఒక టైలరు, సైకిళ్లు బాగుచేసే ఆయన, ఆర్టీసీలో రిటైరైన మెకానిక్, ఎలిమెంటరీ స్కూలు పంతులు, పరుపులు కుట్టే దూదేకుల పెద్దాయన. స్టేషన్ వైపు వెళ్లే దారిలో టీకొట్టు దగ్గర చేరతాం. కడపలోనో కర్నూల్లోనో ఉన్నట్టు మాకిక్కడ పెద్ద పెద్ద మొహల్లాలు లేవు. నిన్నమొన్నటి దాకా విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఏ జిల్లా అయినా ఈ వైపున మేం పిడికెడు మందిమే. మాట తెలుగు, దువా అరబ్బీ, ఉర్దూ ఇంటికో రకం. మాలో ఎవ్వరమూ ఏనాడూ గ్లోవ్స్ తొడగలేదు. కానీ అలీ-ఫ్రేజియర్ గొడవ ఈనాటికీ మా మధ్య తెగలేదు.

వాళ్లిద్దరూ మూడుసార్లు తలపడ్డారు. 1971 మార్చి 8న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో మొదటిది. పదిహేను రౌండ్లు. ఆఖరి రౌండులో ఫ్రేజియర్ ఎడమ హుక్ తగిలి అలీ వెల్లకిలా పడ్డాడు. వెంటనే లేచాడు గాని పోటీ పోయింది. 1974 జనవరిలో రెండోది, అలీ గెలిచాడు. 1975 అక్టోబరు 1న మనీలాలో మూడోది. పద్నాలుగు రౌండ్లయ్యేసరికి ఫ్రేజియర్ కళ్లు వాచి మూసుకుపోయాయి. ఇక చాలు కొడుకా అని అతని గురువు ఎడ్డీ ఫచ్ పోటీ ఆపించేశాడు. ఈ మధ్యలోనే, 1974 అక్టోబరు 30న, కిన్షాసాలో జార్జి ఫోర్‌మన్‌ని అలీ ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. రౌండు తర్వాత రౌండు తాళ్లకి ఆనుకుని దెబ్బలు తిన్నాడు. కొట్టీ కొట్టీ అలసిపోయినవాణ్ణి అప్పుడు కొట్టాడు.

కిన్షాసాలో తెల్లవారకముందు గంట కొట్టేసరికి మనకి పొద్దున్న ఎనిమిదిన్నర. మాలో ఒకాయన కుట్టుమిషను తొక్కుతున్నాడు, ఒకాయన బస్సు కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాడు. సంగతి పేపర్లో చూసేసరికి మరో రోజు గడిచింది. ఒక ఫొటో, పది లైన్లు. దెబ్బలన్నీ మేమే ఊహించుకున్నాం. ఊహించుకున్నవి గనకనే ఇంకా మరిచిపోలేదు.

అలీ వైపు మేమెందుకున్నామో చెప్పాలంటే పేరు సంగతి చెప్పాలి. 1964 ఫిబ్రవరి 25న సోనీ లిస్టన్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయినవాడు కాషియస్ క్లే. కొద్ది రోజులకే అతను ముహమ్మద్ అలీ అయ్యాడు. క్లే అన్నది బానిసత్వం తగిలించిన పేరు, అది నాకొద్దన్నాడు. పత్రికలు మాత్రం ఏళ్ల తరబడి క్లే అనే రాశాయి. ఫ్లాయిడ్ పాటర్సన్ క్లే అనే పిలిచాడు. 1965లో రింగులో దానికి మూల్యం చెల్లించాడు. ఎర్నీ టెరెల్ కూడా అలాగే పిలిచాడు. 1967 ఫిబ్రవరి 6న హ్యూస్టన్లో అలీ అతన్ని కొడుతూ, ప్రతి దెబ్బకీ ‘నా పేరేంటి?’ అని అడిగాడు. పోటీ పదిహేను రౌండ్లూ సాగింది.

ఆ ప్రశ్న యలమంచిలి దాకా వినపడింది. ఎందుకంటే ఈ ఊళ్లో మా అందరికీ కలిపి ఒకటే పేరు: సాయిబు. టైలరు సాయిబు, సైకిళ్ల సాయిబు, పరుపుల సాయిబు. బళ్లో హాజరు పిలిచేటప్పుడు మాత్రమే మాకు సొంత పేర్లుండేవి. అవి కూడా సగం విరిగి వచ్చేవి. ప్రేమగా సాయిబూ అన్నవాళ్లున్నారు. పండక్కి సేమ్యా పంపితే సంక్రాంతికి అరిసెలు పంపినవాళ్లే వాళ్లు. వాళ్లని మేం తప్పు పట్టం. కాని ప్రేమతో పిలిచినా అది మా పేరు కాదు కదా! 1992 డిసెంబరు తర్వాత ఆ పిలుపులో ప్రేమ ఎక్కడుందో, అనుమానం ఎక్కడుందో చెవికి తెలియడం మానేసింది. నీ పేరేంటని ఇల్లు అద్దెకిచ్చేవాడు అడుగుతాడు. చెప్పగానే ఇల్లు ఖాళీ లేకుండా పోతుంది. మా పేరు తెలియనప్పుడు ఒక బాధ, తెలిసినప్పుడు ఇంకో బాధ.

అలీకి దేశద్రోహి అన్న బిరుదు కూడా దక్కింది. 1967 ఏప్రిల్ 28న వియత్నాం యుద్ధానికి రానన్నాడు. బిరుదు లాక్కున్నారు. అయిదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా వేశారు. అప్పీలు మీద బయటున్నాడు గాని మూడున్నరేళ్లు రింగు ఎక్కనివ్వలేదు. ఒంట్లో సత్తువ నిండుగా ఉన్న ఏళ్లవి. 1971 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది జడ్జీల ఏకాభిప్రాయంతో ఆ శిక్ష కొట్టేసింది. పోయిన ఏళ్లు మాత్రం ఏ కోర్టూ తెచ్చివ్వలేదు. 1996 జులైలో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతి వెలిగించడానికి అదే దేశం అతన్నే పిలిచింది. పార్కిన్సన్ జబ్బుతో చెయ్యి వణుకుతోంది. ఒకప్పుడు ద్రోహి అన్న నోళ్లు ఆ వణుకు చూసి ఏడ్చాయి. దేశం ఒక మనిషిని అర్థం చేసుకోవడానికి అతని చెయ్యి వణికేదాకా ఆగాలా అని మా పంతులు అడిగాడు. మేమెవరం జవాబు చెప్పలేదు.

1980 జనవరిలో అలీ మన దేశానికీ వచ్చాడు. ఢిల్లీలో మన కౌర్ సింగ్‌తో సరదా పోటీ ఆడాడు. మద్రాసులో జిమ్మీ ఎలిస్‌తో ఆడాడు. ఎమ్జీఆర్ దగ్గరుండి చూశాడు. మద్రాసు మెయిలు మా ఊరి పట్టాల మీంచే పోతుంది. రైలు చప్పుడు వినడం వరకే మా వంతు. టిక్కెట్టుకి డబ్బుల్లేవు.

ఇంతమంది అలీ మనుషుల మధ్య ఒక్కడే ఫ్రేజియర్ మనిషి. ఆయనే మా దూదేకుల పెద్దాయన. ఆయన వాదన ఏళ్లుగా ఒకటే.

“మీ అలీ పేరు కోసం కొట్టేడు, బాగానే ఉంది. మరి ఫ్రేజియర్ని ఏటని పిలిచేడు?”

అంకుల్ టామ్ అని పిలిచాడు. అంటే తెల్లవాళ్ల గుమ్మంలో బంటు అని. మనీలా ముందు గొరిల్లా అన్నాడు. రబ్బరు గొరిల్లా బొమ్మని విలేకరుల ముందు గుద్ది నవ్వించాడు. ఆ ఫ్రేజియర్ ఎవరు? దక్షిణ కరోలినాలో పరాయి పొలం పాలుకి చేసుకునే కూలివాడి కొడుకు. చిన్నప్పుడు పంది తరిమితే పడి ఎడమ చెయ్యి విరిగింది. డాక్టరుకి చూపించే స్తోమత లేదు. ఎముక వంకరగానే అతుక్కుంది. ఆ వంకర చెయ్యే తర్వాత లోకమంతా భయపడిన ఎడమ హుక్ అయింది. అలీకి లైసెన్సు తిరిగి ఇవ్వమని అడిగినవాళ్లలో అతనూ ఒకడు. ఆ మనిషి పిల్లల్ని బళ్లో తోటి పిల్లలు గొరిల్లా అని ఏడిపించారు.

“నల్లవాడే సాటి నల్లవాణ్ణి నువ్వు నిజం నల్లవాడివి కాదన్నాడు చూడండి, ఆ దెబ్బ నాకు తెలుసు బాబూ” అంటాడు పెద్దాయన.

ఆయనకెలా తెలుసో మా అందరికీ తెలుసు. దూదేకులవాళ్లని ఊరు సాయిబులంటుంది. సాయిబులు మాత్రం దూదేకులంటారు. ఉర్దూ రాదు కదా అంటారు. పేరు చివర అయ్య ఉందేమిటి అంటారు. సయ్యదు ఇంటి పిల్లని దూదేకుల ఇంటికివ్వరు. ఇస్లాంలో అందరూ సమానమే అని జుమ్మా రోజున విన్నవాళ్లే పెళ్లి సంబంధం దగ్గర వంశం అడుగుతారు. ప్రభుత్వం లెక్కలో ఆయన బీసీ-బి. మసీదులో ఆయన భుజం మా భుజానికి తగులుతుంది. గుమ్మం దాటాక ఆ దూరం మళ్లీ మొదలవుతుంది. ఎముక వంకరైనవాణ్ణి చూసి తిన్నగా ఉన్నవాడు నవ్వినట్టే ఇదీ.

అలీ 2001లో ఆ మాటలు అనకూడనివని పత్రికాముఖంగా చెప్పాడు. 2011 నవంబరులో ఫ్రేజియర్ పోతే అంత్యక్రియలకి వణుకుతూనే వెళ్లాడు. 2016 జూన్ 3న తానూ పోయాడు. అలీని మేం వదులుకోలేదు. పెద్దాయనా వదులుకోమనలేదు. నా పేరేంటని అడిగే హక్కున్నవాడికి ఎదుటివాడి పేరు పాడుచేసే హక్కు రాదు అన్నాడు, అంతే. పైనుంచి తిన్న దెబ్బల లెక్కలు రాసుకునే మనం పక్కవాడికి కొట్టిన దెబ్బలూ అదే పుస్తకంలో రాయాలి. లేకపోతే అస్తిత్వం అన్న మాట మరో బిరుదు బెల్టు మాత్రమే అవుతుంది.

ఇప్పుడు మా కబుర్లలోకి కొత్త జోడీ వచ్చింది. నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్, మణిపూర్ మేరీ కోమ్. నిజామాబాదులో సంసముద్దీన్ అనే కోచ్ దగ్గర నేర్చుకుంది నిఖత్. ఆయన కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. 2019లో, ఒలింపిక్ క్వాలిఫయర్లకి పంపేముందు ట్రయల్ పెట్టండని నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి ఉత్తరం రాసింది. ఎవరామె అన్నట్టు మాట్లాడింది మేరీ కోమ్. డిసెంబరులో ట్రయల్ జరిగింది, నిఖత్ 9-1తో ఓడింది. గెలిచినామె చెయ్యి కలపలేదు. మేరీ కోమ్ కూడా చిన్న తెగ నుంచి, మూల రాష్ట్రం నుంచి వచ్చి ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషే. పెద్దాయన అప్పుడూ తల ఆడించి ఊరుకున్నాడు. 2022 మే 19న ఇస్తాంబుల్లో నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. 2024 పారిస్‌లో పతకం రాకుండానే వెనుదిరిగింది.

గెలిచిన రోజున ఆమె దేశం బిడ్డ. మంచి ముస్లిం అంటే ఇలా ఉండాలి అని మాకు చూపించినవాళ్లున్నారు. ఆ పొట్టి లాగేమిటి అని మా వాళ్లలోనే గొణిగినవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఆమె గుద్దు చూడలేదు. ఒకరు మతం చూశారు, ఒకరు మోకాళ్లు చూశారు.

ఇదంతా దూరం సంగతి అనుకోడానికి లేదు. 2006 ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చిన నాగిశెట్టి ఉష మన విశాఖపట్నం అమ్మాయే. ఈ మధ్య మా పెద్దాయన మనవరాలు విశాఖ వెళ్లి బాక్సింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. తండ్రి వద్దన్నాడు. మాలోనే ఇద్దరు, పెళ్లి కావలసిన పిల్లకి ముక్కు పగిలితే ఎలా అన్నారు. ఒకాయన లాగు మాటెత్తాడు. పెద్దాయన ఎవరితోనూ వాదించలేదు. పరుపుల డబ్బుల్లోంచి రైలు పాసుకి తీసి పక్కన పెట్టాడు. రెండు నెలలుగా పొద్దున్న రైలుకి తాతా మనవరాలూ వెళ్తున్నారు.

మా గొడవ తెగలేదు. వద్దన్నవాళ్లు ఇంకా వద్దనే అంటున్నారు. కాని అదే రైలు వేళకి టీకొట్టు దగ్గరికి వచ్చి కూచుంటున్నారు.

ఆ పిల్ల పేరు మేమిక్కడ రాయం. సాయిబుల పిల్ల అనీ, దూదేకుల పిల్ల అనీ ఊరు ఎలాగూ రెండు పేర్లు సిద్ధంగా ఉంచింది. అసలు పేరు ఆమె దగ్గరుంది. ఎవరైనా తప్పుగా పిలిస్తే ఏం అడగాలో తాత నేర్పే ఉంటాడు.